తినే బియ్యం కాదు

బడంగ్‌పేట్‌లో మా వీధి చివర కిరాణా కొట్టతను బియ్యం బస్తా మూతి విప్పి, గుప్పెడు తీసి నా ముందు కాగితం మీద పోశాడు.

"చూస్కో అమ్మా, మల్లెపూల లెక్క ఉంటయి. ఒక్క రాయి దొరికినా బస్తా వాపస్ తీసుకుంట," అన్నాడు.

"రాళ్ళు నేనే కలుపుకుంటాలే," అన్నాను.

అతను నా మొహం చూశాడు. వెటకారం చేస్తున్నాననుకున్నాడు పాపం. నాకు నోరు కాస్త ఎక్కువేనని వీధిలో పేరుంది. "రాళ్ళు కలుపుకొని ఎవలు తింటరమ్మా?" అన్నాడు నవ్వుతూ. తినడానికి కాదని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట నాది కాదు. ఆ మాట అన్న మనిషి పోయి ఏళ్ళయింది. ఉన్నట్టుండి కొట్టు మెట్టు మీద కూలబడి, నలుగురూ చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. అతను కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఎయిర్‌పోర్టు తెరిచిన మరుసటేడు మేం శంషాబాద్ వచ్చాం. మాది గుంటూరు వైపు. మా ఆయనకి ఎయిర్‌పోర్టులో సరుకులు దించే చోట ఉద్యోగం. మా అబ్బాయి చిన్నుకి అప్పటికి అయిదేళ్ళు. మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడడు, ఉన్న చోట ఉండడు. ఆటిజం అన్నారు డాక్టర్లు. నా పాలు సరిపోక అన్నది మా అత్తగారు.

శంషాబాద్‌లో ఒక సర్కారు బడి వెనక, ఇలాంటి పిల్లల కోసమని ఒక గది ఇచ్చారు. గురువారం గురువారం అక్కడికి కాళ్ళూ చేతులూ ఆడించే డాక్టరమ్మ ఒకరు, మాటలు నేర్పే టీచరమ్మ ఒకరు వచ్చేవాళ్ళు. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచేవారు. మిగతా పిల్లల్ని ఒళ్ళో వేసుకుని తల్లులం వరండాలో కూర్చునేవాళ్ళం. పొద్దున పదింటికి వెళితే మధ్యాహ్నం రెండయ్యేది.

మూడో గురువారమో, నాలుగోదో. ఆ రోజు విమానాలు బడి నెత్తి మీంచే పోతున్నాయి. ఆ మోత చిన్నుకి పడదు. మోత వచ్చినప్పుడల్లా తల గోడకేసి కొట్టుకునేవాడు. ఆపబోతే నా ముంజేయి కొరికాడు, పళ్ళు దిగబడేలా. నేను వాణ్ణి కొట్టాను. మొదటి దెబ్బ నొప్పికి కొట్టాను. తరవాతి మూడూ నొప్పికి కాదు. అయిదేళ్ళ కసి, మా అత్తగారి మీద కసి, రాత్రిళ్ళ నిద్ర లేని కసి, అంతా పసివాడి వీపు మీద తీర్చుకున్నాను. వరండాలో తల్లులందరూ తలలు తిప్పుకున్నారు. తప్పు పట్టి కాదులెండి. వాళ్ళకి తెలియని సంగతేం కాదు అది.

ఒకావిడ మాత్రం లేచింది. బక్కపలచని మనిషి, నలభైకి కాస్త అటూ ఇటూ. నడుములో దోపిన కొంగు, భుజం మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు. తన పిల్లని చాప మీద ఒక పక్కకి ఒత్తిగిలబెట్టి వచ్చి, ఒక్క మాట అడగకుండా చిన్నుని నా చేతుల్లోంచి లాగేసుకుంది. వాణ్ణి చంకలో ఇరికించుకునే, సంచిలోంచి చిన్న వెదురు చాట తీసి, అందులో నాలుగు గుప్పెళ్ళ బియ్యం పోసి, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఏరు," అంది.

"ఏంటివి?"

"కండ్లు లేవా? బియ్యం. రాళ్ళున్నయి, ఏరు. ఇరవై ఒక్కటి ఉంటయి. అన్ని దొరికెదాక తల ఎత్తకు."

నాకు ఒళ్ళు మండింది. "ఎవరింటి బియ్యం ఇవి? నేనెందుకు ఏరాలి?"

"తినేటియి గావు చెల్లె. ఏరేటియి," అని వెళ్ళి తన చోట కూర్చుంది.

ఎందుకు ఏరానో తెలియదు. కొట్టిన చేతులకి ఏదో ఒక పని కావాలనిపించి ఉంటుంది. నాలుగు రాళ్ళు గబగబా దొరికాయి. తరవాతవి బియ్యం రంగులోనే ఉన్నాయి, దగ్గరగా వంగి చూస్తే గానీ తెలియవు. పన్నెండో పదమూడో దొరికేసరికి వేళ్ళు నెమ్మదించాయి. అప్పుడు ఆవిడ మాట మీరి తల ఎత్తాను. మా వాడు ఆవిడ జుట్టు రెండు చేతులా పట్టి పీకుతున్నాడు. ఆవిడ నవ్వుతోంది.

"మీకు కోపం రావట్లేదా?" అని అడిగాను.

"పరాయి పోరడు గద, ఎందుకొస్తది? నా బిడ్డయితే ఈపాటికి రెండు పీకెదాన్ని."

ఇరవై ఒక్కటీ దొరికాక గర్వంగా తీసుకెళ్ళి ఆవిడ అరచేతిలో పోశాను. ఆవిడ వాటిని లెక్కపెట్టి, మళ్ళీ బియ్యంలోనే వేసి, చేత్తో కలియదిప్పింది. నేను నోరు తెరిచాను. "ఇంకొకలకు గావాలె గద," అంది.

అదీ ఆవిడ నడిపిన పద్ధతి. వరండాలో ఏ తల్లికైనా ఇక తట్టుకోలేననిపిస్తే పిల్లని పక్క తల్లి ఒళ్ళో వేసి చాట అందుకోవాలి. రాళ్ళన్నీ దొరికేదాకా ఆ పిల్ల ఆమెది కాదు. గోడ గడియారం లేదు అక్కడ. ఇరవై ఒక్క రాళ్ళూ దొరకడానికి ఇంచుమించు అరగంట పట్టేది. పరాయి బిడ్డ మీద కోపం రాదన్నది ఆవిడ సిద్ధాంతం. "మన బిడ్డ మీద దయ పుట్టాలంటె జర తీరిక గావాలె. పరాయి బిడ్డ మీద ఊకెనే పుడతది," అనేది. ఇంకో నియమం కూడా పెట్టింది. "అరగంటే. గంతకు ఎక్కువ అడగొద్దు. ఎక్కువ అడిగితే ఇచ్చెటోళ్ళకు ఇసుగొస్తది. ఇసుగొస్తే ఇగ దగ్గరికి రారు. గప్పుడు గీ అరగంట గూడ పాయె." అందరం ఒప్పుకున్నాం.

ఆవిడది పాల్మాకుల. షేర్ ఆటోలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని వచ్చి, రోడ్డు దగ్గర దిగి, చంకన ఎత్తుకుని బడిదాకా నడిచి వచ్చేది. పిల్ల అంటే పదమూడేళ్ళ పిల్ల. పేరు స్వప్న. పుట్టినప్పుడే మెదడుకి దెబ్బ తగిలింది. మెడ నిలవదు, కాళ్ళు కత్తెరలా పెనవేసుకుని ఉంటాయి, మాట లేదు. నోటి వెంట చొంగ కారుతూనే ఉంటుంది. ఆ తువ్వాలు అందుకే. ఒక్కోసారి ఒక్కో మడత తిప్పి స్వప్న మూతి తుడిచేది. చివరి మడత మిగిలితే దాంతో తన మొహం తుడుచుకునేది. పిల్లకి అర్థమవుతుందో లేదో ఎవరికీ తెలియదు గానీ, ఆవిడ మాత్రం లోకంలో జరిగేదంతా చెప్పేది. "స్వప్నా, గుంటూరు పిన్ని వచ్చిందే. ఇయ్యాల పచ్చచీర కట్టింది, మొగనితోని లొల్లి పెట్టుకున్నట్టుంది, మొకం చూడు." నిజంగానే ఆ రోజు పోట్లాడి వచ్చి ఉండేదాన్ని.

నా మాట మీద ఆవిడకి భలే వేళాకోళం. నేను "వస్తున్నానండీ" అంటే, "అండీ గిండీ ఎందుకు చెల్లె, సినిమాల తల్లి లెక్క మాట్లాడుతవ్" అనేది. మా చిన్నునీ స్వప్ననీ పక్కపక్కన చూసి ఒకసారి అంది: "నీ కొడుకు ఉరుకుడు ఆపడు, నా బిడ్డ కదలనే కదలదు. ఇద్దరిని కలిపి సగం సగం పంచితే ఇద్దరు మంచి పిల్లలయితుండె. దేవునికి కొలుచుడు రాదు." అలాంటి మాటకి నవ్వాలా, ఏడవాలా? మేం నవ్వేవాళ్ళం. కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

స్వప్నకి ఒక విద్య ఉంది. విమానం వచ్చేది మా అందరి కంటే ముందు దానికే తెలిసేది. ఎప్పుడూ ముడుచుకుని ఉండే కుడి చెయ్యి మెల్లగా విచ్చుకుని, చూపుడువేలు లేచేది. "అచ్చె గాలిమోటరు," అనేది వాళ్ళమ్మ. ఊపిరి నాలుగుసార్లు తీసేలోగా మోత వినపడేది. "ఎయిర్‌పోర్టుకు పోయిన మా రెండెకరాల జొన్నచేను మీదనే దిగుతది అది. మేం పోలేకపాయినా మా భూమి దాన్ని ఎదురుకొంటది," అనేది. బాధగా అనేది కాదు. చుట్టాల పిల్ల పెద్ద ఉద్యోగంలో ఉందని చెప్పుకున్నట్టు అనేది.

ఆ వేలే మా చిన్నుని బాగుచేసింది. నాలుగు నెలలు గడిచాక, చాట ఒళ్ళో పెట్టుకున్న ఒక రోజు చూశాను. మా వాడు స్వప్న పక్కన బోర్లా పడుకుని దాని చేతినే చూస్తున్నాడు. వేలు లేచింది. వాడు రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. విమానం వచ్చింది, పోయింది. వాడు తల కొట్టుకోలేదు. చేతులు తీసి, మళ్ళీ దాని వేలి వైపే చూస్తూ పడుకున్నాడు. కన్నతల్లినైన నా మొహం వైపు ఏనాడూ చూడని పిల్లాడు! నేను చాట కింద పెట్టేసి ఏడ్చాను. ఆవిడ బియ్యం ఒలికినందుకు తిట్టింది.

ఒకసారి సిటీ నుంచి ఒక మేడమ్ వచ్చి, తల్లులు ఒత్తిడి ఎలా తగ్గించుకోవాలో చెప్పింది. గట్టిగా ఊపిరి పీల్చండి, ఇష్టమైన పాటలు వినండి, గోరువెచ్చని నీళ్ళతో తీరిగ్గా స్నానం చెయ్యండి. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. స్నానాలగది తలుపు మూసి ఎన్నాళ్ళయిందో మాకే తెలియదు. "రోజులో మీకోసం మీరు ఎంత సమయం ఉంచుకుంటున్నారమ్మా?" అని స్వప్న వాళ్ళమ్మని అడిగింది మేడమ్. "ఇరవై ఒక్క రాళ్ళంత," అంది ఆవిడ. మేడమ్‌కి అర్థం కాలేదు. వివరించడం ఎందుకని, చాట తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టింది. మంచి చీర కట్టుకున్న ఆ మేడమ్ మొదట మొహమాటానికి వేళ్ళు పెట్టింది, తరవాత కళ్ళజోడు సర్దుకుంది, ఆ తరవాత మాతో మాట్లాడటమే మానేసింది. అన్నీ దొరికాక, "ఇంకోసారి ఏరనా?" అని చిన్నపిల్లలా అడిగింది. "అరగంటే మేడమ్," అంది ఆవిడ నవ్వాపుకుంటూ.

అందరికీ చాట ఇచ్చే మనిషి తను ఎప్పుడు ఏరుతుందో నేను గమనించలేదు. ఒక్కసారి చూశాను. ఆ రోజు స్వప్నని నా ఒళ్ళో వేసి, ఏరుతూ కూర్చుంది. కాసేపాగి తల ఎత్తకుండానే చెప్పింది.

"నిన్న కొట్టిన చెల్లె. అన్నం పెడుతుంటె మూడుసార్లు ఊసింది. చెంప మీద కొట్టిన. చెయ్యి అడ్డం పెట్టుకొనుడు గూడ రాదు దానికి. పిల్లలు కొడితే చెయ్యి అడ్డం పెడ్తరు గద, ఇది గట్లనే చూసుకుంట ఉన్నది నన్ను."

ఆ రోజు ఆవిడకి పందొమ్మిది రాళ్ళే దొరికాయి. మిగతా రెండూ వెతకడానికి కళ్ళు కనపడలేదు ఆవిడకి.

ఒంట్లో ఎలా ఉందని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. "రోగానికి గూడ తెలివి ఉంటది చెల్లె. తీరిక లేనోళ్ళ దగ్గరికి రాదు." ఆ మాట విని ఎన్నిసార్లు నవ్వానో! ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

రెండేళ్ళు అలా గడిచాయి. మూడో ఏడు వానాకాలంలో, ఆవిడ పిల్లని ఎడమ చంక మార్చి కుడి చంకన ఎత్తుకురావడం చూశాను. ఏమైందంటే, "ఎడమ చెయ్యి జర గుంజుతుంది" అంది. బరువు మోసి మోసి అయి ఉంటుందిలే అనుకున్నాను. ఆ గురువారం నేను చాట పట్టుకుని ఉండగా పక్కన వచ్చి కూర్చుంది. కొంగు చివర నోట్లో పెట్టుకుని కాసేపు కొరికింది.

"చెల్లె, ఒక మాట అడుగుత. అచ్చే సోమారం ఒక్క దినం స్వప్నను నీ ఇంట్ల ఉంచుకుంటవా? పొద్దుగాల నేనే తెచ్చి దింపుత. పొద్దుమూకెవరకు తీస్కపోత."

పదిహేడో రాయి వెతుకుతున్నాను. తల ఎత్తలేదు. ఎత్తకుండానే నవ్వుతూ అన్నాను: "అదేంటక్కా, అరగంటే కదా మన లెక్క? నియమం పెట్టిన మనిషే తప్పితే ఎలా?"

ఆవిడ కొంగు మళ్ళీ నడుములో దోపుకుంది. తరవాత గట్టిగా నవ్వేసింది. "అవ్, అవ్. నేనే పెట్టి నేనే మర్చిన. హుషారున్నవ్ నువ్వు." నా వీపు మీద చిన్న దెబ్బ వేసి లేచి వెళ్ళింది. వేళాకోళంగా తేలిపోయింది.

కాదనడానికి కారణం ఉంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. స్వప్న అప్పటికి పెద్దమనిషై నాలుగు నెలలయింది. రోజంతా ఉంచుకుంటే గుడ్డ మార్చాలి. ఒంటికి రెంటికి కూడా చూసుకోవాలి. వరండాలో అయితే అలాంటిదేదైనా ఉంటే వాళ్ళమ్మ పక్కనే ఉంటుంది. నా కొడుకుది నేను రోజూ కడిగేదాన్నే. కానీ అంత పెద్ద ఆడపిల్లది? ఛీ అనిపించింది. మనసులో వచ్చిన మాట ఇదే, ఛీ. ఎందుకు ఉంచుకోవాలని కూడా అడగలేదు. అడిగితే ఏదో కారణం చెబుతుంది, విన్నాక కాదనలేను. అందుకే అడగలేదు.

తరవాతి గురువారం నుంచి ఒక చిన్న మార్పు వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు స్వప్నని నాకు అందించే ముందు ఆవిడ గది వెనక్కి తీసుకెళ్ళి, కాసేపటికి తిరిగి వచ్చి అప్పుడు నా ఒళ్ళో వేసేది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

చలికాలం చివర్లో ఆవిడ రావడం మానేసింది. మైలార్‌దేవ్‌పల్లి నుంచి రెండు ఆటోలు మారి వచ్చే ఒక ముస్లిం తల్లి ఉండేది మాతో, ఆమెని మేం బాజీ అనేవాళ్ళం, ఆమె చాట ఆవిణ్ణి ఆపా అనేది, రెంటికీ అక్క అనే అర్థం. ఆమె కనుక్కొచ్చింది. రొమ్ములో గడ్డట. చంక దాకా పాకిందట. పెద్ద దవాఖానలో ఆలస్యమైందన్నారట.

పాల్మాకుల వెళ్ళాను. ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచం మీద పడుకుని ఉంది, తలకి తువ్వాలు చుట్టుకుని. అదే తువ్వాలు. పక్క మంచంలో స్వప్న. నన్ను చూడగానే, "అగో, గుంటూరు పిన్ని అచ్చింది. ఇయ్యాల లొల్లి పెట్టుకోలేదు, మొకం మంచిగనే ఉన్నది," అంది స్వప్నతో. గొంతు సన్నబడింది. నేను తెచ్చిన బత్తాయిలు మంచం కింద పెట్టి, దేవుడున్నాడక్కా అన్నాను.

"ఉన్నడు చెల్లె, ఎందుకు లేడు," అంది. "పదిహేనేండ్ల సంది ఒక్కటే మొక్కిన ఆయనకు. నా కంటె ముందు నా బిడ్డను తీస్కపో అని. నేను పోయినంక దీన్ని ఎవలు చూస్తరు? ఏ తల్లన్న గట్ల మొక్కుతదా? నేను మొక్కిన. రోజు మొక్కిన. ఆయన ఉల్టా ఇన్నడు."

స్వప్న వేలు లేచింది. ఇద్దరం మాట ఆపి పైకి చూశాం. విమానం వేపచెట్టు మీంచి నీడ పరుచుకుంటూ పోయింది. మోత తగ్గాక ఆవిడ, "చిన్నుగాడు చెవులు మూసుకుంటుండా ఇంకా?" అని అడిగింది.

ఎండలు ముదరకముందే పోయింది. ఆ సంగతి నాకు వరండాలోనే తెలిసింది. బాజీ వచ్చి నా పక్కన కూర్చుని, "మన చాట ఆపా పోయిందమ్మా," అని నా భుజం మీద తల పెట్టింది. ఆ గురువారం పిల్లలు అరుస్తూనే ఉన్నారు. ఎవరి పిల్లని ఎవరూ మార్చుకోలేదు.

మూడు వారాల తరవాత ఆవిడ భర్త వచ్చాడు, స్వప్నని ఎత్తుకుని. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్క గడ్డికి నీళ్ళు పట్టే పని ఆయనది. అంతకు ముందు ఒకటి రెండుసార్లు దూరం నుంచి చూశానంతే. భుజం మీద తువ్వాలు నాలుగు మడతలు పెట్టుకుని ఉన్నాడు. వరండా చివర చెప్పులు విడిచి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చిన్ను వాళ్ళ అమ్మ మీరే గద? అచ్చే సోమారం ఒక్క దినం పిల్లను ఉంచుకుంటరా అమ్మా? పింఛన్ కార్డుల ఆమె పేరు తీసి నా పేరు ఎక్కియ్యాలంట. ఆఫీసుల పొద్దంత అయితదన్నరు. దీన్ని ఎత్తుకొని లైన్ల నిలవడరాదు."

నేను జవాబు చెప్పేలోగానే, నన్ను ఇబ్బంది పెడుతున్నాననుకున్నాడో ఏమో, తనే అందుకున్నాడు. "అప్పుడు గూడ మిమ్ములనే అడుగుదామనుకున్నది ఆమె. దవాఖానల సూది పరీక్షకు సోమారం రమ్మన్నరు. ఇద్దరం పోవాలె, దినమంత పడ్తది, బిడ్డను ఎవలకన్న అప్పజెప్పాలె. మీరు గా సోమారం ఊరికి పోతున్నరని చెప్పింది. ఇగ పై వారం పోదాం, పై వారం పోదాం అనుకుంటనే చలికాలం అచ్చె."

నేను ఏ ఊరికీ పోలేదు. ఆ సోమవారం ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం చిన్ను నిద్రపోతే వాడి పక్కన నేనూ పడుకుని నిద్రపోయాను. అది కూడా గుర్తుంది నాకు. చావుకి దగ్గరవుతూ కూడా, తను కట్టుకున్నవాడి దగ్గర నన్ను చెడ్డదాన్ని చెయ్యడం ఇష్టంలేక అబద్ధం చెప్పింది ఆ మనిషి.

"తప్పకుండా తీసుకురండి అన్నా," అన్నాను.

తరవాత మేం శంషాబాద్ వదిలేదాకా స్వప్న చాలా సోమవారాలు మా ఇంట్లోనే గడిపింది. ఆ ఇరవై ఒక్క రాళ్ళూ ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. బియ్యానికి పురుగు పడితే బియ్యం మారుస్తాను, రాళ్ళు అవే. కానీ చెప్పవలసింది ఆ మొదటి సోమవారం సంగతి.

పొద్దున ఎనిమిదింటికి వచ్చాడాయన. పిల్లని పరుపు మీద పడుకోబెట్టి, సంచిలోంచి ఒక్కొక్కటే తీసి చూపించాడు. చెంచా, తువ్వాళ్ళు, ఉతికిన పాత చీర గుడ్డలు, చాట, బియ్యం మూట. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"బట్ట తడిస్తె గట్లనే ఉంచుండ్రి అమ్మా. నేనొచ్చి మారుస్త. ఆమె చెప్పింది, మీకు అలవాటు లేదని. 'గా చెల్లె ఒళ్ళో వేసేటప్పుడు మారిచ్చి ఇయ్యాలె, ఆమె ఇబ్బంది పడ్తది' అనేది. ఇగ ఇప్పుడు నేనే చేస్తున్న అన్ని. ఏం చేస్త."

ఆయన వెళ్ళాక తలుపు వేసి, దానికే వీపు ఆనించి నిలబడ్డాను. అంటే తెలుసు ఆవిడకి. నేను నవ్వుతూ కాదన్న ఆ క్షణమే తెలిసిపోయింది. గది వెనక్కి తీసుకెళ్ళేది అందుకే. గడ్డ పెరుగుతున్న ఒంటితో ఆ పిల్లని మోసుకెళ్ళి, పొడి గుడ్డ కట్టి, అప్పుడు తెచ్చి నా ఒళ్ళో వేసింది, గురువారం గురువారం.

పదింటికి స్వప్న గుడ్డ తడిసింది. వాళ్ళ నాన్న వచ్చేదాకా ఉంచమన్నా, ఉంచలేదు. గోరువెచ్చని నీళ్ళు తెచ్చుకుని కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నేను ముడి విప్పగానే ఆ పిల్ల ఒళ్ళంతా బిగబట్టి, మూలుగుతూ, నడుము ఒక బెత్తెడు పైకి లేపింది. వాళ్ళమ్మ నేర్పింది కాబోలు, చేసేవాళ్ళకి సులువు కావాలని. మెడ నిలపలేని పిల్ల నాకు సాయం చేస్తోంది. తుడిచాను, పొడి గుడ్డ కట్టాను, లంగా సర్దాను. గోడ గడియారం చూశాను. అయిదు నిమిషాలు కూడా కాలేదు.

చిన్ను వచ్చి దాని చెయ్యి పక్కన తల పెట్టుకుని పడుకున్నాడు. నేను చాట ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోజు రాళ్ళు ఎన్నిసార్లు ఏరి ఎన్నిసార్లు కలిపానో లెక్క లేదు.

పొద్దుగూకేవేళ ఆయన వచ్చాడు. కార్డులో పేరు మారిందని చెప్పాడు. పిల్లని ఎత్తుకుని, గుడ్డ పొడిగా ఉండటం చేత్తో తడిమి చూశాడు.

"దినమంత ఉంచుకున్నరు," అన్నాడు. "మస్తు కష్టమైందా అమ్మా?"

అయిందని చెప్పగలిగితే ఎంత బాగుండేది! చాలా కష్టమైందన్నా, మనిషన్నవాళ్ళ వల్ల అయ్యే పని కాదన్నా అని, ఆవిడకి కూడా వినపడేటట్టు చెప్పగలిగితే.

"లేదన్నా," అన్నాను. "ఏం కష్టం కాలేదు."